రోడ్డంత మ్యాపు

రండి రండి, ఇటు జరగండి. ఆ గోడవారన నిలబడ్డవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి, నా గొంతుకి గోడలు దూకే ఓపిక లేదు. ఆ చివర ఇద్దరూ మీ కోడళ్ళ సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా, వాళ్ళు ఎక్కడికీ పారిపోరు. పిల్లలూ, నోళ్ళు మూసి చెవులు తెరవండి. చెప్పేవన్నీ నిజాలే. ఎక్కడైనా నిజం కాస్త పొట్టిగా ఉంటే, నలుగురికీ కనబడాలని దాని కింద ఒక పీట వేస్తాను, అంతే.

మా వీధి చివర గోడ రోడ్డని ఒకటి ఉండేది. ఒక పక్కన పాత గిడ్డంగుల గోడ. అది ఎంత పొడుగంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాడు మర్నాడు పొద్దున చిరంజీవ అనేవాడు. రెండో పక్కన మేడలు. మధ్యలో లారీలు. నడిచేవాళ్ళకంటూ జానెడు చోటు లేదు. గోడకి వీపు ఆనించి పక్కకి పక్కకి జరుగుతూ పోవాల్సిందే. అలా జరిగీ జరిగీ మా వీధి ఆడవాళ్ళు తిన్నగా నడవడం మర్చిపోయి, పెళ్ళిళ్ళకి వెళ్ళినా పీతల్లా పక్కవాటుగా వచ్చేవాళ్ళు. ఇక వాన పడిందంటే పాలవాడు ఈదుకుంటూ వచ్చేవాడు. పాలు పల్చగా ఉన్నాయేమిటని అడిగితే, ఈ ఒక్క రోజూ నేను కలపలేదమ్మా అని ప్రమాణం చేసేవాడు. పొద్దు వాలితే దీపం లేదు. చీకటి గడ్డకట్టి ఉండేది, మోచేతులతో తోసుకుంటూ నడవాలి.

ఆ రోడ్డు మూల మీదే నాది గొడుగులు బాగుచేసే కొట్టు. అంచేత ఇదంతా ఒకరు చెప్పగా విన్నది కాదు.

నా కొట్టు వెనకింట్లో మేస్త్రీ ఉండేవాడు, రోడ్లు వేసే ముఠాకి పెద్ద. ఆ ముఠా పని పద్ధతి ఒకటుంది, వినండి. ఇంజినీరు ఆఫీసు నుంచి గీతలవాడు వచ్చి, తాడు పట్టి, సున్నం పొడితో నేల మీద గీతలు గీసి పోతాడు. మర్నాడు ముఠా దిగుతుంది. గీత ఎటు పోతే కంకర అటు, తారు అటు. ఎందుకు, ఏమిటి అని అడగడం వాళ్ళ వంశంలో లేదు. ఒకసారి గీతలవాడు గీస్తుంటే దారికి అడ్డంగా గాడిద పడుకుని ఉంది. దాన్ని లేపడానికి బద్ధకించి చుట్టూ గీసేశాడు. గాడిద లేచి తన దారిన తను పోయింది. రోడ్డు మాత్రం ఇప్పటికీ గాడిద ఆకారంలో వంపు తిరిగి ఉంది. బస్సులన్నీ చెవుల దగ్గర హారన్ కొట్టి మరీ తిరుగుతాయి.

ఈ మేస్త్రీకి కవలలు. పిల్ల పేరేదో ఉండే ఉంటుంది గానీ అందరూ మిరియం అనేవాళ్ళం. చూడ్డానికి గింజంత, నోరు తెరిస్తే మంట. పిల్లాణ్ణి గుండు అనేవాళ్ళం, వాడు ఎటు నుంచి చూసినా గుండ్రమే. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచీ. బడి గోడ రోడ్డుకి ఆ చివర. పై తరగతిలోకి వస్తే బడి వదిలేసరికి పొద్దు గూకుతుంది. అందుకని మేస్త్రీ ఒకనాడు తేల్చేశాడు, ఈ పరీక్షలయ్యాక గుండు చదువుకుంటాడు, మిరియం ఇంట్లో ఉంటుందని.

వాళ్ళమ్మ ఇళ్ళలో బట్టలు తీసుకొచ్చి ఇస్త్రీ చేసి ఇచ్చేది. నోరు గల మనిషి కాదు. మొగుడితో వాదించకుండా కూరలో ఉప్పు మానేసింది. మేస్త్రీ ఉప్పు లేకుండానే తిన్నాడు గానీ మాట మార్చుకోలేదు. చెడ్డవాడని కాదు. లారీల కింద పడ్డవాళ్ళని ఎత్తినవాడు, భయం వాడికి. మిరియం ఏడవలేదు, అలగలేదు. నేరుగా వెళ్ళి భూగోళం టీచరమ్మకి చెప్పింది.

టీచరమ్మ నాకు బాగా తెలుసు. ఆవిడ మ్యాపులో ఊళ్ళూ సముద్రాలూ గొడుగుతో చూపించేది. గొడుగు ఊచ విరిగి నా కొట్టుకొచ్చిందంటే, ఆవేళ పర్వతాల పాఠం అయిందని నాకు తెలిసిపోయేది. ఆ సాయంత్రం గొడుగు చంకన పెట్టుకుని మేస్త్రీ ఇంటికొచ్చింది. కిటికీ నా కొట్టులోకే తెరుచుకుంటుంది, నేనేం చెవులు మూసుకుని కూర్చోలేదు.

"పిల్లని ఎందుకు మానిపిస్తున్నారు?" అంది ఆవిడ.

"రోడ్డు బాలేదు టీచరమ్మా. చీకటి, లారీలు."

"గుండు ఏ రోడ్డున వస్తాడు?"

"అదే రోడ్డు."

"వాడికి బాగుందా మరి?"

మేస్త్రీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వాడు మగపిల్లాడు."

"లారీవాడు అది చూసి గుద్దుతాడా?"

"రోడ్డుని మార్చలేం కదమ్మా. పిల్లని ఇంట్లో ఉంచడం తేలిక."

"అయ్యో, రోడ్లు వేసేది మీరే కదండీ."

"నేను గీత మీద వేస్తాను. గీసేవాళ్ళు వేరే," అన్నాడు మేస్త్రీ. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

టీచరమ్మ గొడుగు తీసుకుని లేచింది. మర్నాడు తరగతిలో గోడకున్న ప్రపంచ పటం విప్పి చుట్టేసి, ఈసారి పాఠం గోడ రోడ్డు అంది. ఉన్న రోడ్డు కాదు, ఉండాల్సిన రోడ్డు గీయాలి. ఎవరూ తమ దారి గీయకూడదు. ఇంకొకరి బరువు మోసి, వాళ్ళ దారిలో నడిచొచ్చాకే పెన్సిలు పట్టుకోవాలి. మగపిల్లలకి ఆడవాళ్ళ దారులు వచ్చాయి. గుండుకి వాళ్ళమ్మ దారి పడింది.

నెత్తిన ఇస్త్రీ బట్టల మూట, చంకలో వాళ్ళమ్మ రోజూ ఎత్తుకునే పక్కింటి పసిది, రెండో చేతిలో గొడుగు. అలా బయలుదేరాడు గుండు. పసిదేమో వాడి చెవి పట్టుకుని స్టీరింగులా తిప్పింది, వాడు అటే పోయాడు. మూట జారితే పట్టుకున్నాడు, గొడుగు ఎగిరింది. గొడుగు పట్టుకుంటే పసిది జారింది. రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడ్డాడంటే, ఆ నిలబడ్డచోటే పసిదానికి పన్ను మొలిచిందని చూసినవాళ్ళు చెప్పారు. ఒకచోట కాసేపు కూర్చుందామంటే కూర్చునే చోటు లేదు. ఒంటికి వెళ్దామంటే గోడ చూశాడు, అలవాటే కదా. అప్పుడు తట్టింది వాడికి, అమ్మకి ఆ గోడ పనికిరాదని.

బడికొచ్చి మూట దించి, "టీచర్, మా అమ్మ రోజూ ఇలాగే వెళ్తుందా?" అన్నాడు.

"రోజూ."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడైనా అడిగావా?"

గుండు ఆ రోజు మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టించుకోలేదు. వాడి జీవితంలో అదొక్కసారే.

ఇక గీయడం మొదలెట్టారు. ఒక్కొక్కళ్ళూ మోసొచ్చిన బరువులన్నీ కాగితం మీదకి దిగాయి. కాగితం చాల్లేదు. పెద్ద కాగితం అతికించారు, అదీ చాల్లేదు. బల్లలు జరిపి నేల మీద గీశారు, గోడ రోడ్డు గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళిపోయింది. హెడ్ మాస్టరు గారు చెప్పులు చేత్తో పట్టుకుని మ్యాపు తొక్కకుండా గెంతుకుంటూ తన గదికి పోవాల్సొచ్చింది.

అప్పుడు మిరియం లేచింది. "టీచర్, రోడ్డు మ్యాపు రోడ్డు మీదే గీసేస్తే పోలా? సైజు కూడా సరిపోతుంది."

సెలవు రోజు లారీలు తిరగవు. తరగతంతా గోడ రోడ్డు మీదకి దిగింది. బడి సుద్దముక్కలు మొదటి మేడ దాటకుండానే అరిగిపోయాయి. మేస్త్రీ చుట్టాలింటికి వెళ్ళాడు. కవలలిద్దరూ ఇంటికి పరిగెత్తి సున్నం బస్తా, కొలతాడు లాక్కొచ్చారు. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ తండ్రి చేతుల్లో చూస్తున్న సామానే కదా, తాడు పట్టడం వాళ్ళకి చెప్పాలా? మిరియం గీత గీస్తుంటే చీమలు కూడా వరస తప్పలేదు.

రోడ్డుకి రెండు పక్కలా నడిచే దారి గీశారు. బళ్ళు తోసుకునేవాళ్ళకి, పసిపిల్లల బళ్ళవాళ్ళకి అంచులు వాలుగా. సైకిళ్ళకి ఒక పాయ. లారీలకి మిగతాది. బస్సు మలుపు దగ్గర కాకుండా మేడల ముందే ఆగాలని అక్కడొక గడి. ఏ పనికి ఏ గీతో తెలియాలని లోపల మాటలు కూడా రాశారు. 'ఇక్కడ కూర్చోవాలి.' 'ఇక్కడ దీపం.' 'వాననీళ్ళు ఇక్కడ ఇంకాలి.' 'ఇక్కడ ఆడవాళ్ళకి గది, గడియ లోపల.' 'ఇక్కడ లారీ ఆగాలి, మామ్మ దాటాలి.' ఎండ మాడ్చేసే చోటల్లా పెద్ద పెద్ద సున్నాలు చుట్టి వాటిలో 'నీడ' అని రాశారు. ఆఖర్న ఎవడో తుంటరి ఊరుకోలేక ఒక మూల పడుకున్న కుక్కని కూడా గీశాడు. సాయంత్రానికి సున్నం తెల్లదనానికి పక్షులు వెన్నెలనుకుని ఇంకా పొద్దుండగానే గూళ్ళకి పోయాయి.

పాఠం అయిపోయింది, పిల్లలు ఇళ్ళకి పోయారు. ఇక్కడే ఉంది తమాషా.

మర్నాడు గోడ రోడ్డు మరమ్మతు పని మొదలవ్వాలి. తెల్లవారుతూనే గీతలవాడు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. చూస్తే రోడ్డంతా గీతలు. నాకంటే ముందే ఇంకెవరినో పంపారు కాబోలు, దేవుడున్నాడు అనుకుని ఇంటికెళ్ళి ముసుగు తన్నాడు. ఆ మర్నాడు మేస్త్రీ ముఠా వచ్చింది. గీతలు కనబడ్డాయి. వాళ్ళకింకేం కావాలి?

పని సాగింది చూడండి, అది పని. గీతకి వెంట్రుకవాసి పక్కకి పోలేదు. చిక్కు ఒక్కచోటే వచ్చింది. సున్నాలో 'నీడ' అని ఉంది. ముఠా అంతా చుట్టూ చేరి తలలు పట్టుకుంది. కంకరతో నీడ పోయడం ఎలా అని ఒకడు, నల్లగా ఉంటుంది కాబట్టి తారు పూసేస్తే సరి అని ఇంకొకడు. తారు పూసి నిలబడి చూశారు, అరికాళ్ళు కాలాయి. చివరికి మేస్త్రీ ఆలోచించి, నీడనిచ్చే సామానే తేవాలని వెళ్ళి వేళ్ళతో సహా చెట్లు తెచ్చి నాటించాడు. మా ఊరి మట్టి ఎలాంటిదంటే, నాటి చేతులు కడుక్కునేలోపు అవి కొమ్మలు చాచాయి. తర్వాత మామ్మ గీత దగ్గర మళ్ళీ ఆగారు. మామ్మని ఎక్కణ్ణుంచి తేవాలని అడిగితే, మామ్మ మన సామాను కాదురా, ఆవిడే వస్తుంది, మనం తెల్లచారలు వేద్దామన్నాడు మేస్త్రీ. కుక్క గీత ఉంది కాబట్టి సిమెంటుతో కుక్కని కూడా పోశారు. ఎంత బాగా కుదిరిందంటే, వీధి కుక్కలన్నీ వచ్చి దాన్ని పలకరించి, జవాబు రాకపోయేసరికి పొగరుబోతని పేరు పెట్టాయి.

రాత్రి భోజనాల దగ్గర మేస్త్రీ ఇంజినీరుని ఒకటే పొగడ్త. ఇన్నాళ్ళకి మా సారుకి బుర్ర వెలిగిందే, ఎవరెవరు ఎలా నడుస్తారో పక్కనుండి చూసినట్టు గీశాడు, చేతులు నొప్పి పుట్టకుండా పని చేసింది ఈ రోడ్డుకే అన్నాడట. కవలలిద్దరూ ముద్దలు నోట్లో పెట్టుకుని నమలడం మానేశారు. వాళ్ళమ్మ మాత్రం కూరలో కాస్త ఉప్పు వేసింది.

పరీక్షలు అయిపోయాయి. పై తరగతికి పేరు ఇచ్చుకోవడానికి ఆఖరి రోజు రానే వచ్చింది. గుండు పేరు ఎప్పుడో ఇచ్చారు. మిరియం పొద్దున్నుంచీ గుమ్మంలో కూర్చుని ఉంది. సరిగ్గా ఆ రోజే ఇంజినీరు జీపు దిగాడు.

దిగుతూనే సిమెంటు కుక్కని తన్నుకుని పడబోయాడు. లేచి రోడ్డు చూశాడు. బెంచీలు, చెట్లు, దీపాలు, గడియ ఉన్న గది. "ఇదంతా ఏమిటి మేస్త్రీ?"

"తమరు గీయించిందే కదండీ," అన్నాడు మేస్త్రీ సంతోషంగా.

"కుక్కని గీయించానా నేను?"

గీతలవాణ్ణి పిలిపించారు. నేనసలు సున్నం సంచీ మూతే విప్పలేదు సార్, ఇంత కష్టం నేనెందుకు పడతానని వాడు అడిగాడు. ఆ మాట అందరూ నమ్మారు. మేస్త్రీ మొహం సున్నం కొట్టినట్టయింది. గీత కానిదాని మీద రోడ్డు వేశాడంటే ముఠాలో ఇక తలెత్తుకోలేడు. జనం పోగయ్యారు, టీచరమ్మ వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే మిరియం గుమ్మం దిగి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"ఆ గీతలు నావి నాన్నా."

"నీవా?"

"నావి, గుండువి, మా తరగతివి. పాఠం కోసం గీశాం. తాడు పట్టింది నేనే."

మేస్త్రీ కూతుర్ని కింద నుంచి పైదాకా చూశాడు. తిడతాడనుకున్నాం. "మూడో దీపం దగ్గర గీత వంకరపోయింది," అన్నాడు మెల్లిగా.

"గుండుకి తుమ్మొచ్చి తాడు కదిలింది."

"నేను సరిచేశాలే."

ఇంజినీరుకి ఇదంతా రుచించలేదు. పిల్లలాట మీద ఊరి రోడ్డు వేస్తారా, మొత్తం కొట్టేయండి అన్నాడు. ముఠాలో ఒక్కరూ కదల్లేదు. కొట్టేయాలన్నా గీత కావాలండీ, ఏది కొట్టాలో తమరు ఇంటూ గుర్తు పెడితే కొడతాం అన్నాడు మేస్త్రీ. అది వాళ్ళ పద్ధతి, ఇంజినీరుకీ తెలుసు. గీతలవాడేమో నాకు నడుం నొప్పి అన్నాడు. చేసేది లేక ఇంజినీరే సున్నం సంచీ పట్టుకుని మొదటి బెంచీ దగ్గరికి నడిచాడు.

బెంచీ మీద ఒక మామ్మ కూర్చుని ఉంది. ఎదుటి మేడలో కూతురింట్లో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. కాస్త నడవగలదు, తర్వాత కూలబడాలి, కూలబడ్డానికి చోటు లేక ఏళ్ళ తరబడి మేడ మీదే ఉండిపోయింది. బెంచీ పడ్డ రోజున దిగింది. అన్నాళ్ళకి కిందకి దిగేసరికి, వీధిలో పిల్లలనుకుని పలకరించినవాళ్ళంతా తాతలై ఉన్నారు.

ఇంజినీరు సంచీతో సహా ఆగిపోయాడు. "అమ్మా, నువ్వెలా దిగావు?"

"రోజూ ఫోన్లో నాలుగడుగులు వెయ్యమ్మా అంటావుగా. వెయ్యడానికి నేలేది అని నేనంటే, నసుగుతానంటావు. ఇప్పుడు నేలొచ్చింది, వేస్తున్నా. ఆ సంచీ ఏమిట్రా?"

ఇంజినీరు సంచీ వీపు వెనక్కి దాచుకున్నాడు. "ఏం లేదమ్మా. ఇది... ఇది పద్ధతి ప్రకారం వేసింది కాదు. తీసేయాలి."

"తియ్యి. నేను లేవను. నన్ను కూడా కలిపి గీసుకో," అని మామ్మ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. "పిల్లలు నన్నడిగి వేశారు. ఆ గుండ్రటి వాడొచ్చి, మామ్మా నువ్వు ఎంత దూరం నడవగలవని అడిగి, నాతో పాటు మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. నువ్వెప్పుడైనా అడిగి చచ్చావూ?"

ఈలోగా మా వీధి ఆడవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే వచ్చి, ఒక్కో బెంచీ మీద, ఒక్కో చెట్టు కింద కూర్చున్నారు. గడియ ఉన్న గదిలోకి ఎవరో వెళ్ళి లోపల గడియ వేసుకున్నారు, ఆ చప్పుడు రోడ్డంతా వినబడింది. ఇంజినీరు ఆ చివర నుంచి ఈ చివరికి చూశాడు. ఇంటూ పెట్టడానికి ఖాళీ చోటొక్కటీ మిగల్లేదు.

"ఊరికే నిలబడకురా," అంది మామ్మ. "కూరల మార్కెట్టు దాకా వెళ్ళాలంటే మధ్యలో ఇంకో బెంచీ తగ్గింది. వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, అదొకటి గీసిపో. ఆ కుక్కని మాత్రం ముట్టుకోకు. దాని నెత్తిన చెయ్యి ఆన్చుకునే లేస్తున్నా."

ఇంజినీరు చొక్కా చేతులు మడిచాడు. వంగి, నేల మీద ఒక బెంచీ గీశాడు. ఆఫీసులో కుర్చీ ఎక్కాక తన చేత్తో గీసింది అదేనట, కొంచెం వంకరగా వచ్చింది. పక్కన నిలబడి మిరియం, తాడు పట్టనా సార్ అని అడిగింది. పట్టమన్నాడు. తర్వాత లేచి చేతులు దులుపుకుని, "ఆ పై పేట రోడ్డు కూడా ఇలాగే ఏడ్చింది టీచర్. మీ తరగతి ఖాళీ ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే ఏడు మొదట్లో," అంది టీచరమ్మ. "తాడు పట్టే పిల్ల ఉంటే."

అందరూ మేస్త్రీ వైపు తిరిగారు. వాడు తలపాగా తీసి, చేతులకంటిన తారు తుడుచుకున్నాడు. అది పోదని వాడికీ తెలుసు. తుడిచీ తుడిచీ, పేర్లు ఎప్పటిదాకా తీసుకుంటారని అడిగాడు. చీకటి పడేదాకా అంది టీచరమ్మ.

"పదవే," అన్నాడు కూతురితో. "నడిచి పోదాం. వేయడమే గానీ, నేనూ దీని మీద నడవలేదు."

ఇద్దరూ బయలుదేరారు. అంచుల వాలు దగ్గర ఆగి మేస్త్రీ పాదంతో నొక్కి చూశాడు. చెట్టు కింద ఆగి పైకి చూశాడు. మిరియం ఆపకుండా మాట్లాడుతూనే ఉంది, వాడు ఊకొడుతూనే ఉన్నాడు. వాళ్ళు బడి చేరి, పేరిచ్చి, తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది. దీపాలు వెలిగాయి. వచ్చేటప్పుడు ఇద్దరు కాదు, వెనకాల పెద్ద గుంపు. ఇళ్ళల్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలంతా మేస్త్రీ కూతుర్ని చూసి వాళ్ళ వాళ్ళ నాన్నలని లాక్కుని బడికి పోయారట. నాన్నలందరూ వరసగా నడిచే దారిలో వస్తున్నారు, ఒక్కడికీ నడక సరిగ్గా రాదు, అలవాటు లేదు. మిరియం గుమ్మం దగ్గరికొచ్చి, "బడి తెరిచాక ఒక్కదాన్నే వెళ్ళొస్తా నాన్నా," అంది.

"వెళ్ళు. రోడ్డు బాగుంది," అన్నాడు మేస్త్రీ. లోపల్నుంచి వాళ్ళమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎంత పెద్దదంటే నా కొట్టులో గొడుగులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి.

ఇదంతా పొద్దుట్నుంచీ ఒక పరుపుల బేరగాడు చూస్తున్నాడు. నెత్తిన పరుపు దించకుండా, నోట్లో పుల్ల తీయకుండా. దీపాల కింద జనం అటూ ఇటూ తిరుగుతుంటే వాడి మొహం అంతకంతకీ దిగులుగా అయిపోయింది. ఏమయ్యా, నీకేం కష్టమొచ్చిందని అడిగాను.

"ఏం లేదన్నా," అన్నాడు నిట్టూరుస్తూ. "ఇంత మంచి మ్యాపు గీసి, దాని మీద జనాన్ని నడవనిస్తున్నారే, అరిగిపోదూ? రెండు కాపీలు తీసి, ఒకటి బీరువాలో పెట్టుకోవాల్సింది."